కేసు కాకముందు: సమాజ ఆరోగ్య కార్యక్రమాలు, పిల్లలపై హింస నివారణ



గచ్చిబౌలి చుట్టుపక్కల బస్తీల ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు వచ్చిన ఈ సభలో చేస్తున్న ఉపన్యాసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతికి అంకితం. ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని ఆమె ఒప్పుకోలేదు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు కాబట్టి చదువు దక్కింది. బాల్య వివాహాలకు అడ్డుకట్టగా శారదా చట్టం 1929లో వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆమె బాల్యాన్ని కాపాడడానికి చట్టం రాలేకపోయింది, ఇంట్లోవాళ్ల మనసు మారడమే కాపాడింది. అలాంటి ఇల్లు దొరకని లక్షలాది పసిపిల్లలకు ఆ అదృష్టం లేదు.

మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. కుటుంబ తగాదాలకు వేరే న్యాయస్థానాలు ఉండాలని ఆమె పట్టుబట్టారు. అందుకోసం చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె కన్నుమూసి మూడేళ్లయింది. అయితే ఈ సభకు ఎక్కువ సంబంధం ఉన్నది 1954లో బోర్డు మొదలుపెట్టిన సంక్షేమ విస్తరణ పథకాలతో. సుమారు 25 గ్రామాలకు ఒక పథకం. అందులో పురుడు పోసే మంత్రసాని, పిల్లలకు బాల్వాడీ, ఇల్లిల్లూ తిరిగే గ్రామసేవిక ఒకే గొడుగు కింద ఉండేవారు. కాన్పు ఒక శాఖకూ, బిడ్డ పెంపకం ఇంకో శాఖకూ, బిడ్డ రక్షణ మరో శాఖకూ చెందినవని ఆమె విడదీసి చూడలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అవి విడిపోయాయి. పిల్లలపై హింస జరగకముందే ఆపే పని ఎవరిదీ కాకుండా పోవడానికి ఆ విడిపోవడమే ముఖ్య కారణమన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే వాదం.

1. హింస అంటే ఏమిటి?

వైద్యశాస్త్రం పిల్లలపై హింసను గుర్తించడం చాలా ఆలస్యంగా జరిగింది. అమెరికాలో హెన్రీ కెంప్ అనే పిల్లల వైద్యుడు 1962లో తన సహచరులతో కలిసి, దెబ్బలు తిన్న పసివాళ్ల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. విరిగిన ఎముకలు, తలలో రక్తస్రావం, ఇంట్లోవాళ్లు చెప్పే కథకూ గాయానికీ పొంతన లేకపోవడం, వీటన్నిటినీ కలిపి చూడాలని ఆ వ్యాసం చెప్పింది. అంతకుముందు కూడా వైద్యులు ఆ గాయాలకు కట్లు కట్టారు, కానీ కారణం అడిగినవాళ్లు తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలపై హింస నాలుగు రూపాల్లో ఉంటుంది: శరీరాన్ని గాయపరచడం, లైంగికంగా వేధించడం, మనసును గాయపరచడం, ఆలనాపాలనా చూడకపోవడం. బిడ్డతో చాకిరీ చేయించి లాభపడడం కూడా ఇందులో చేరుతుంది. వీటిలో నాలుగోది పత్రికలకు ఎక్కదు. పసిబిడ్డకు జ్వరం మూడు రోజులున్నా ఆస్పత్రికి తీసుకెళ్లకపోవడం, రెండేళ్ల పిల్లను నాలుగేళ్ల అక్కకు అప్పగించి పనికి వెళ్లడం కూడా ఆ కోవలోకే వస్తాయి. ఇక్కడొక తేడా చూడాలి. ఉన్నవాడు చూడకపోవడం వేరు, చూసుకునే వీలు లేక చూడలేకపోవడం వేరు. బిడ్డకు కలిగే కీడు రెండింట్లోనూ ఒకటే అయినా, మందు ఒకటి కాదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. సగానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నారు. వేధించినవాళ్లలో సగం మంది ఆ బిడ్డకు తెలిసినవాళ్లు, బిడ్డ నమ్మినవాళ్లు. ఈ అంకెల తర్వాత, పరాయివాడి నుంచి పిల్లను కాపాడుకుంటే చాలన్న ధీమాకు చోటు లేదు.

తెలుగు ఇళ్లలో హింస ప్రేమ పేరుతోనూ, వైద్యం పేరుతోనూ జరుగుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తం పట్టుకునే తండ్రి తాను బిడ్డను బాగుచేస్తున్నాననే అనుకుంటాడు. కామెర్లు వచ్చిన పిల్లవాడి చేతిమీద వాత పెట్టించే అమ్మమ్మ బిడ్డ బతకాలనే పెట్టిస్తుంది. ఆ వాత పుండై, సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఇలాంటిచోట శిక్ష గురించి చెబితే తలుపు మూసుకుంటుంది. నవజాత శిశువుకు వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయనీ, ఎక్కువైతే ఆస్పత్రిలో నీలికాంతి కింద పడుకోబెడితే తగ్గిస్తారనీ, నమ్మకమున్న మనిషి కూర్చుని చెబితే ఆ అమ్మమ్మ వింటుంది.

2. చట్టం ఎక్కడ మొదలవుతుంది?

పిల్లల రక్షణకు దేశంలో చట్టాలు తక్కువేమీ లేవు. 2006లో బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది. బడిలో దెబ్బలను నిషేధించే 17వ సెక్షన్‌తో 2009లో విద్యాహక్కు చట్టం, 2012 నవంబరు 14 నుంచి పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో, 2015లో బాలల న్యాయ చట్టం వచ్చాయి. ఆపదలో ఉన్న బిడ్డకోసం 1098 నంబరు 1996లో ముంబయిలో మొదలై దేశమంతా విస్తరించింది. వేధింపునకు గురైన బిడ్డ పోలీసు దగ్గర ఒకసారి, డాక్టరు దగ్గర ఒకసారి, కోర్టులో ఒకసారి అదే బాధను తవ్వుకోకుండా, అన్నీ ఒకే కప్పు కింద జరిగేలా 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం ఏర్పడింది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పనిలో ఉన్న పిల్లలను పోలీసులు వెతికి విడిపిస్తారు. 

ఇవన్నీ అవసరమైనవే, ఎంతోమంది శ్రమతో నిలిచినవే. అయితే వీటిలో దాదాపు ప్రతిదీ కీడు జరిగాకే కదులుతుంది. ఫోను మోగాలి, ఎవరో చూసి చెప్పాలి, గాయం కనబడాలి. పద్దెనిమిది నెలల బిడ్డ 1098కి ఫోన్ చేయలేదు. జరగకముందు ఆ ఇంటి గడప తొక్కే మనిషి పోలీసు కాదు, న్యాయవాది కాదు. ఆ మనిషి ఆరోగ్య శాఖలో ఉంది.

3. ఇంటికి వెళ్లే మనిషి

ఇంటికి వెళ్లడం వల్ల హింస తగ్గుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబులు రెండు చోట్ల దొరికాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్‌మైరా అనే చిన్న పట్టణంలో డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర ఒక ప్రయోగం మొదలుపెట్టారు. తొలిచూలు గర్భిణులు 400 మంది. వాళ్లలో కొందరి ఇళ్లకు, కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నర్సులు వెళ్లారు. పదిహేనేళ్ల తర్వాత లెక్క చూస్తే, నర్సులు వెళ్లిన ఇళ్లలో పిల్లలను హింసించిన, నిర్లక్ష్యం చేసిన ఉదంతాలు మిగతావాటిలో దాదాపు సగమే ఉన్నాయి.

రెండోది మన పరిస్థితులకు ఇంకా దగ్గర. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 1980లలో, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పిల్లలతో పనిచేసింది. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. ఇక్కడ వెళ్లింది నర్సులు కాదు, మన ఆశాల వంటి సమాజ ఆరోగ్య సహాయకులు. వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లపాటు వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డలను ఆడించారు, బిడ్డతో ఎలా మాట్లాడాలో చూపించారు. ఆ పిల్లలకు 22 ఏళ్లు వచ్చాక చూస్తే, కొట్లాటలు, తీవ్రమైన హింసకు పాల్పడడం తగ్గాయి. సభలో ఉన్న ఆశా కార్యకర్తలు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. పెద్ద డిగ్రీలు లేనివాళ్లు, క్రమం తప్పకుండా వెళ్లడం వల్ల సాధించిన ఫలితం ఇది.

మన వ్యవస్థలో ఇంటికి వెళ్లే ఏర్పాటు ఇప్పటికే ఉంది. మహారాష్ట్రలోని గడ్చిరోలీలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చేసిన పని నుంచి దేశం నేర్చుకున్నది అది. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. 2018 నుంచి 3, 6, 9, 12, 15 నెలలప్పుడు మరో అయిదు సార్లు. బరువు తూచడం, పాలు పట్టడం, టీకాలు, అదనపు ఆహారం, చేతుల శుభ్రత ఆమె చూస్తుంది.

పదిహేనో నెలతో ఆ రాకపోకలు ఆగిపోతాయి. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య టీకాల కోసం తల్లి బిడ్డను తీసుకొస్తుంది. మూడేళ్లు నిండాక బిడ్డ అంగన్‌వాడీలో ఆటపాటలకు చేరుతుంది. మధ్యలో ఉన్న ఆ ఏడాదిన్నరా రెండేళ్లలో ఆ ఇంటికి వెళ్లాల్సిన సందర్శనలు ఆశా పనిలో లేవు. బిడ్డ నడక నేర్చి వస్తువులు పడేసేది, కావాలని మారాం చేసేది, పక్క తడిపేది, అన్నం ఉమ్మేసేది అప్పుడే. అలసిపోయిన తల్లి చెయ్యి లేచేదీ అప్పుడే. కింగ్‌స్టన్‌లో ఫలితమిచ్చిన వయసు కూడా అదే. ఈ సందును పూడ్చడమే నివారణలో మొదటి పని.

రెండో లోటు, చూసే కంటికి ఏం నేర్పామన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగింటికోసం పరీక్షిస్తాయి. హింస ఆ నాలుగింటిలో లేదు. కౌమార దశకు వచ్చాక, 2014 నాటి కిశోర స్వాస్థ్య కార్యక్రమంలో మాత్రం గాయాలు, హింస ఒక అంశంగా చేరాయి. మాట రాని వయసులో అడిగేవారు లేక, పదేళ్లు దాటాక అడిగితే పోయిన కాలం తిరిగి రాదు.

4. రేకుల షెడ్లలో

గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు వెళ్తుంటే లేస్తున్న అద్దాల భవనాల వెనక రేకుల షెడ్ల వరసలు కనిపిస్తాయి. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట వచ్చినవాళ్లు, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఉంటారు. నగరంలో ఒక ఆశా పరిధి రమారమి 200 నుంచి 500 ఇళ్లు. లేబర్ క్యాంపు సర్వేలో ఇల్లుగా నమోదు కాకపోతే ఆ షెడ్డు ఎవరి పరిధిలోనూ పడదు. పని అయిపోగానే గుంపు ఇంకో సైటుకు మారుతుంది. తల్లి మాట్లాడే ఒడియా, ఆశా మాట్లాడే తెలుగు కలవవు. బస్తీ దవాఖానాలు 2018 నుంచి నగరానికి ఎంతో మేలు చేశాయి. కానీ కూలి పోగొట్టుకుని పగటిపూట అక్కడికి వెళ్లగలిగిన తల్లులు ఎంతమంది?

ఈ షెడ్లలో బిడ్డకు జరిగే కీడు చాలావరకు, చూసుకునే వీలు లేకపోవడం వల్ల వచ్చేదే. ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టిన పసిపాప, నీళ్లు నిల్వ చేసిన గుంట దగ్గర ఆడుకునే మూడేళ్ల బాబు, తమ్ముణ్ని ఎత్తుకోవడానికి బడి మానేసిన ఎనిమిదేళ్ల అక్క, తల్లిదండ్రులు పనిలో ఉన్న వేళ క్యాంపులో ఎవరి కళ్లు ఎలాంటివో తెలియక భయపడే ఆడపిల్ల. ఆ తల్లికి పెంపకం పాఠం చెప్పడం అన్యాయం. ఆమెకు కావాల్సింది క్రెష్.

ఈ సంగతి దేశానికి 1969లోనే తెలిసింది. ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శనకోసం కట్టడాలు జరుగుతుంటే, దుమ్ములో పడున్న కూలీల బిడ్డలను చూసి మీరా మహాదేవన్ అక్కడే ఒక గుడారం వేయించారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్, 50 మందికి మించి మహిళలు పనిచేసే ప్రతి సైటులో ఆరేళ్లలోపు పిల్లలకు గది, శిక్షణ పొందిన మనిషి ఉండాలని ఆదేశించింది. దానితోపాటే కట్టడపు ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి చేరే ఏర్పాటు వచ్చింది. అంటే ఆకాశానికెగసే ప్రతి టవరూ తనను కట్టినవాళ్ల బిడ్డలకోసం ఇప్పటికే డబ్బు చెల్లించింది. ఆ డబ్బు ఆ బిడ్డ దాకా చేరాలి. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టం, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ఆఫీసుకు కూడా క్రెష్ సౌకర్యాన్ని తప్పనిసరి చేసింది. ఒకే రోడ్డు మీద ఒకవైపు ఆఫీసు పనిచేస్తుంటుంది, మరోవైపు ఇంకో ఆఫీసు కడుతుంటారు. చట్టం రెండు వైపులా బిడ్డను గుర్తించింది. ఆచరణలో రెండో వైపు బిడ్డ వెనకబడింది.

అపార్ట్‌మెంట్ల లోపల సంగతి కూడా చెప్పాలి. ఇంటి పనికి పద్నాలుగేళ్లలోపు పిల్లలను పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషిద్ధం. గేటు దగ్గర సెక్యూరిటీ దాటి ఆశా లోపలికి వెళ్లలేని చోట, పసిబిడ్డను ఆడించడానికి ఊరి నుంచి తెచ్చిన పదకొండేళ్ల పిల్ల ఎవరికీ కనబడదు. ఆ సముదాయాల నివాసుల సంఘాలు తలుచుకుంటే ఒక్క సమావేశంలో ఆపగలిగిన హింస అది.

5. తల్లి క్షేమం

ఎల్‌మైరా ప్రయోగంలో తర్వాత బయటపడ్డ ఒక సంగతి అందరూ గుర్తుంచుకోదగ్గది. ఇంట్లో తల్లి మీద హింస పెరిగేకొద్దీ నర్సు రాకపోకల ఫలితం తగ్గిపోయింది. హింస మరీ ఎక్కువున్న ఇళ్లలో ఫలితమే లేదు. తెలంగాణలో వివాహితల్లో మూడోవంతుకు పైగా భర్త చేతిలో హింస అనుభవించారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అదే సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దుర్గాబాయి పెళ్లయిన నూరేళ్ల తర్వాతి మాట ఇది.

కాబట్టి బిడ్డ బరువు తూచే వేళ తల్లిని కూడా అడగాలి: నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా? ఈ ప్రశ్నలు అత్త ఎదుట అడిగేవి కావు, భర్త ఎదుట అసలే కావు. కాన్పు తర్వాతి దిగులు ఒక జబ్బనీ, దానికి చికిత్స ఉందనీ తల్లికి చెప్పినవాళ్లే తక్కువ. తాగుడు మానిపించే వైద్యం దొరికే చోటు ఎక్కడో ఆశాకు తెలిసి ఉండాలి. తండ్రులతో మాట్లాడే పని ఇప్పటిదాకా ఏ కార్యక్రమమూ గట్టిగా పట్టుకోలేదు. సాయంత్రం మేస్త్రీ కూలి లెక్కలు చూసే వేళ మగవాళ్లందరూ ఒక్కచోట ఉంటారు. మాట్లాడాలంటే అదే వేళ.

6. కనిపెట్టడం, చెప్పడం

నడక రాని బిడ్డ ఒంటిమీద కమిలిన మచ్చలు మామూలు సంగతి కాదు. ఆడుకుంటూ పడిన బిడ్డకు మోకాళ్లు, నుదురు గీసుకుంటాయి. చెవి, మెడ, పొట్ట, వీపు కమిలితే అనుమానించాలి. గాయమైన రెండు మూడు రోజులకు తీసుకురావడం, అడిగిన ప్రతిసారీ కథ మారడం, బిడ్డ ఒక మనిషిని చూసి బిగుసుకుపోవడం గమనించాలి. వీటిని చిన్న శిక్షణతో నేర్పవచ్చు.

కనిపెట్టాక ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. సభలోని వైద్యులకు ఇది తెలిసిందే. లైంగిక హింస విషయంలో ఈ కటువుదనం అవసరం. అయితే పదిహేడేళ్ల గర్భిణి ఆ భయంతో దవాఖానాకే రాకుండా పోతే ఆమె ప్రాణానికే ముప్పు. గర్భస్రావం కోరే మైనరు, ఆమె సంరక్షకులు అడిగితే, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఈ తీర్పు ప్రతి ఆరోగ్య కేంద్రానికీ తెలియాలి.

మిగతా సందర్భాల్లో, అంటే దెబ్బల్లో, నిర్లక్ష్యంలో, ఆశాను ఒంటరిగా నిలబెట్టకూడదు. ఆమె అదే బస్తీలో ఉంటుంది, రేపు మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడాలి. ఆమె చూసింది ఆరోగ్య కేంద్రంలోని నర్సు అయిన ఏఎన్‌ఎంకూ, వైద్యాధికారికీ చెప్పాలి. బాలల న్యాయ చట్టం కింద ఏర్పడిన బాలల సంక్షేమ సమితికి తెలియజేసే బాధ్యత వైద్యాధికారి పేరు మీద ఉండాలి. ఆశా వేగుగా మారిందన్న మాట బస్తీలో పుట్టిన రోజు టీకాలు కూడా ఆగిపోతాయి.

తల్లిదండ్రులను నేరస్థులుగా నిలబెట్టకుండా ఊరి కట్టుబాటునే మార్చవచ్చని ఈ రంగారెడ్డి జిల్లాయే దేశానికి చూపింది. ఇక్కడి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హా, తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఫౌండేషన్ ద్వారా, 1990ల మొదట్లో ఈ జిల్లా పల్లెల్లో పని ప్రారంభించారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. వెట్టిలో, పొలాల్లో ఉన్న పిల్లలను తెచ్చి శిబిరాల్లో చదివించి బడిలో వేశారు. ఊళ్లోని యువకులు, టీచర్లు, సర్పంచులు, ఒకప్పుడు పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాములు కూడా ఆ పనిలో కలిశారు. ఆ క్రమంలో బాల్య వివాహాలు కూడా ఆగాయి. ఆమెకు 2003లో మెగసెసె పురస్కారం లభించింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. బిడ్డను బడికి పంపడం ఊరి గౌరవమైనట్టే, బిడ్డ మీద చెయ్యి చేసుకోకపోవడం కూడా బస్తీ గౌరవం కాగలదు.

7. ఈ ప్రాంతంలో చేయదగ్గది

ఆశా రాకపోకలను పదిహేను నెలల దగ్గర ఆపకుండా మూడేళ్ల దాకా, కనీసం మూడు నెలలకోసారైనా కొనసాగించాలి. నవజాత శిశువు ఇంటికి నిర్ణీత సందర్శనలన్నీ పూర్తిచేస్తే ఆశాకు 250 రూపాయలు ఇస్తారు. కొత్త సందర్శనలకూ ఆ లెక్కన వేరే చెల్లింపు ఉండాలి. జీతం పెంచకుండా పని పెంచడం ఆ స్త్రీలపై మరో అన్యాయమవుతుంది.

లేబర్ క్యాంపును సర్వేలో ఇళ్ల వరసగా నమోదు చేయాలి. నిర్మాణ అనుమతి ఇచ్చేటప్పుడే క్రెష్ గది ఎక్కడో నక్షాలో చూపించమనాలి. అంగన్‌వాడీ ముందే ముగుస్తుంది, సైటు పని చీకటి పడేదాకా సాగుతుంది. కాబట్టి క్రెష్ పనివేళలు సైటు వేళలతో కలవాలి. ఆయాగా అక్కడి కూలీ స్త్రీలలోంచే ఒకరిని, వీలైతే ఒడియా లేదా హిందీ మాట్లాడే ఆమెను, శిక్షణ ఇచ్చి పెట్టుకోవాలి. పిల్లలను చూసే చోట ఒక్క మనిషే ఎప్పుడూ ఉండకూడదు, ఇద్దరుండాలి. ఇది పిల్లల భద్రతకు మొదటి నియమం.

తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద టీకాల గళ్లున్నట్టే, ఇంటికి వచ్చిన తేదీలకూ, పగలు బిడ్డను ఎవరు చూసుకుంటున్నారన్న ప్రశ్నకూ గళ్లుండాలి. గుంపు కోకాపేట నుంచి తెల్లాపూర్‌కు మారిన రోజున ఇక్కడి ఏఎన్‌ఎం అక్కడి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి, ఏ షెడ్డులో ఎంతమంది మూడేళ్లలోపు పిల్లలున్నారో, వాళ్లలో ఎవరిని ముందు చూడాలో పేర్లతో చెప్పాలి.